గంజాయి తైలము – వైద్యుని మందులు

మన యిండ్లలో మందుల పెట్టె యెవరి చేతిలో నున్నదని విచారించినచో, చాల యిండ్లలో గృహిణి చేతిలోనే యున్నదని తేలును. మామగారి రక్తపుపోటు మాత్ర యే పూట వేసికొనవలెనో, అత్తగారి మధుమేహపు మాత్ర అన్నమునకు ముందో వెనుకనో, పిల్లవాని దగ్గుమందు ఎన్ని చెంచాలో జ్ఞాపకముంచుకొనువారము మనమే. వైద్యుడు చీటీ వ్రాసి తన పని ముగించును. ఆ చీటీని ప్రతిదినము నడపవలసిన భారము మనది. ఆ భారమునందు నేను చేసిన యొక పొరపాటును, దానివలన మా యింట సంభవించిన యాపదను, దానినుండి నేర్చుకొన్న సంగతులను మీతో చెప్పుకొనవలెనని యీ వ్యాసము వ్రాయుచున్నాను.

విషయము గంజాయి తైలము. పేరు వినగానే కొందరు ముఖము త్రిప్పుకొందురు. అట్లు చేయక తుదివరకు చదువవలెనని నా ప్రార్థన. ఆ పేరునకు జడియుటవలననే మా యింట నాపద కలిగినది.

మా యత్తగారికి డెబ్బది యేండ్లు. పదునొకండేండ్ల క్రిందట వారి హృదయమునందలి కవాట మొకటి చెడిపోగా, వైద్యులు దానిని తీసివైచి లోహపు కవాటము నమర్చిరి. నాటినుండి వారు ప్రతిరాత్రి వార్ఫరిన్ అను మాత్ర పుచ్చుకొందురు. అది రక్తము గడ్డకట్టకుండ కాపాడు మందు. దాని పని కత్తిమీది సాము వంటిది. చాలకున్నచో కవాటము వద్ద రక్తము గడ్డకట్టి పక్షవాతము రావచ్చును. హెచ్చినచో దేహములో నెక్కడనైనను రక్తము స్రవింపవచ్చును. కావున నెలకొక పర్యాయము ఐ.ఎన్.ఆర్. అను నెత్తురు పరీక్ష చేయింతుము. ఆరోగ్యవంతులకు ఆ యంకె ఒకటికి దాపున నుండును. మా యత్తగారికి 2.5 మొదలు 3.5 వరకు నుండవలెనని వైద్యుల యాజ్ఞ.

ఈ మందు పుచ్చుకొనువారు ఆకుకూరలను ఒకనాడు మిక్కుటముగాను, ఒకనాడు శూన్యముగాను తినరాదు. ఆకుకూరలలోని ‘కె’ విటమినునకును వార్ఫరినునకును విరోధము. ఆ సంగతి నాకు బాగుగా తెలియును. పాలకూర యైనను గోంగూర యైనను వారమునకు ఇన్ని కట్టలని లెక్కపెట్టి వండుదును. అంత జాగ్రత్తగల దానననియే నాకు గర్వముండెడిది.

గడచిన శీతకాలమున మా యత్తగారికి మోకాళ్ల నొప్పులు ప్రబలినవి. ఆ దినములలో మా చుట్టములలో నొకరు పట్టణమునుండి వచ్చి, తమకొక వైద్యుడు వ్రాసియిచ్చిన తైలపు సీసాలలో నొకదానిని వారి చేతిలో పెట్టి, “రాత్రిపూట కొన్ని చుక్కలు నాలుక క్రింద వేసికొనుడు. ఇది ఆకుపసరే గదా, దోషమేమియు లేదు” అని చెప్పిపోయిరట. అది విజయాపత్ర సారముతో చేసిన తైలము. అనగా గంజాయి చెట్టు ఆకులనుండి తీసినది. మా యత్తగారు ఆ మాట యెవరికిని చెప్పలేదు.

చెప్పకపోవుటకు కారణము తరువాత తెలిసినది. మా వారు ఉపాధ్యాయులు. ప్రతి సంవత్సరము బడిలో పెద్దపిల్లలను కూర్చుండబెట్టి గంజాయివలని కీడును గూర్చి ఉపన్యసింతురు. కొడుకు బడిలో వలదని బోధించుచుండగా తల్లి యింటిలో దానినే సేవించుచున్నదని నలుగురు నవ్వుదురేమో యని మా యత్తగారు సిగ్గుపడి, ఆ సీసాను ట్రంకుపెట్టెలో పట్టుచీరల మడతల నడుమ దాచుకొనిరి.

నొప్పి తగ్గినమాట నిజము. నిద్రయు పట్టినది. మూడు వారములు గడచునప్పటికి ఉదయమున పండ్లు తోముకొనునపుడు చిగుళ్లనుండి నెత్తురు కనబడజొచ్చినది. ముంజేతులమీద నల్లగా కమిలిన మచ్చలు లేచినవి. గడపయో మంచపుకోడో తగిలియుండునని నేను తలచితిని. ఒక సాయంకాలము వారికి ముక్కునుండి నెత్తురు కారుటకు మొదలై అరగంటవరకు నిలువలేదు. వెంటనే ఆసుపత్రికి కొనిపోయితిమి. ఐ.ఎన్.ఆర్. 7 దాటియుండెను.

డాక్టరమ్మగారు నన్ను చూచి, “అమ్మా! ఈమె క్రొత్తగా నేదైన మందుగాని, కషాయముగాని, లేహ్యముగాని, తైలముగాని పుచ్చుకొనుచున్నారా?” అని యడిగిరి. నేను క్షణమైన నాలోచింపక, “ఏమియు లేదండీ. మందులన్నియు నా చేతిమీదనే నడచును” అని బదులు చెప్పితిని. మా యత్తగారు తలవంచుకొని యూరకుండిరి.

డాక్టరమ్మగారు ఆ తలవంపును కనిపెట్టిరి కాబోలును. నన్నును మా వారిని వెలుపలికి పంపి, తలుపు మూసి, మరల నడిగిరి. అప్పుడు గాని సంగతి బయటపడలేదు. నేను ఏకవచనమున పలికిన ఆ “ఏమియు లేదు” అను మాట నేటికిని నా చెవులలో మ్రోగుచున్నది. ఆకుకూర కట్టలను లెక్కపెట్టిన నేను ఆకుసారపు తైలమును లెక్కలోనికి తేలేకపోయితిని. మనుష్యురాలు మనసువిప్పి చెప్పుకొనుటకు తగిన చోటు నా యొద్ద లేకపోయినది గదా యని యెక్కువగా నొచ్చుకొంటిని.

ఇంటికి పోయి ఆ సీసాను పారవైచి వత్తునంటిని. “పారవేయవలదు. నా యొద్దకు తెండు. ఎంత బలముగలదియో, ఎన్ని చుక్కలు ఎన్నినాళ్లు వేసికొనిరో నాకు తెలియవలెను” అని డాక్టరమ్మగారు చెప్పిరి. ఆ సీసా మీది చీటీలో వైద్యుని పర్యవేక్షణలోనే వాడవలెనను హెచ్చరిక యున్నది. కాని అది ఇంగ్లీషునను హిందీలోను మాత్రమే యున్నది. తెలుగున భాగవతమును చక్కగా చదువుకొను మా యత్తగారికి ఆ హెచ్చరిక లేనట్లే.

ఇక ఈ తైలమును గూర్చి నేను విచారించి తెలిసికొన్న సంగతులు చెప్పుదును.

గంజాయి తైలమని యొకే పేరున లోకులు పిలుచునవి నిజమునకు పలువిధములు. మొదటిది గింజల నూనె. ఇది నువ్వులనూనెవలె గింజలను పిండగా వచ్చునది. మత్తు పదార్థము మిక్కిలి స్వల్పము. 2021లో మన దేశపు ఆహార భద్రతా ప్రమాణముల సంస్థ దీనిని ఆహారముగా నంగీకరించినది. రెండవది ఆకు సారముతో చేయు తైలము. ఆయుర్వేదమున ఈ చెట్టునకు విజయ యని పేరు. 1985లో చేయబడిన మాదకద్రవ్యముల చట్టము, గంజాయి యనగా పూచిన లేక కాచిన కొనలని నిర్వచించి, ఆ కొనలు కలియని ఆకును గింజను ఆ నిర్వచనమునుండి విడిచినది. ఆ ఆకుతో అనుమతిగల ఆయుర్వేద సంస్థలు మందులు చేయుచున్నవి. అయినను, ఔషధముల నిబంధనలయందు ఇ(1) అను పట్టికలో విషద్రవ్యముల సరసన భంగాకును చేర్చియే యున్నారు. వైద్యుని పర్యవేక్షణలోనే వాడవలెనని చీటీమీద వ్రాయుమని విధించినది కూడ ఆ నిబంధనలే. కావున ఇది వైద్యుడు రోగిని చూచి వ్రాయవలసిన మందేకాని చుట్టములు పంచుకొను పసుపుకుంకుమ కాదు.

మూడవది విదేశములనుండి వచ్చు సీసాలు. అమెరికా మొదలగు దేశములలోనున్న బిడ్డలు తలిదండ్రుల నొప్పులు విని, అక్కడి యంగడులలో సులభముగా దొరకు తైలమును పంపదలచుట కలదు. అక్కడ అంగడిలో దొరకినంతమాత్రమున ఇక్కడికి తెచ్చుట ధర్మసమ్మతము కాదు. మన చట్టము వేరు, శిక్షలు కఠినములు. అంతేకాక, ఆ సీసాలపై వ్రాసిన లెక్కలను సయితము నమ్ముటకు వీలులేదు. 2017లో ప్రకటింపబడిన యొక పరిశోధనలో, అంతర్జాలముద్వారా కొన్న 84 రకముల సరకులను పరీక్షింపగా, పైచీటీకి సరియైన పాళ్లు గలవి 26 మాత్రమే. పదునెనిమిదింటిలో మత్తు పదార్థము కూడ కనబడినది.

ఈ చెట్టునందలి ముఖ్యపదార్థములు రెండు. ఒకటి టి.హెచ్.సి.; మత్తు కలిగించునది ఇదియే. దీనిని 1964లో ఇజ్రాయెల్ దేశమున మెషూలమ్, గవోని అను శాస్త్రజ్ఞులు శుద్ధరూపమున వేరుచేసి చూపిరి. రెండవది సి.బి.డి.; ఇది మత్తు కలిగింపదు. మత్తులేదు గనుక నిరపాయమని చాలమంది తలచుచున్నారు. అది పొరపాటు. ఇతర మందులతో విరోధమున ఎక్కువ పాత్ర యీ రెండవదానిదే.

ఈ చెట్టును నిందించుటకు నేను పూనుకొనలేదు. శార్ఙ్గధర సంహిత భంగును ‘వ్యవాయి’ ద్రవ్యములకు ఉదాహరణముగా చెప్పినది. అనగా, జీర్ణము కాకమునుపే దేహమంతట వ్యాపించునది. మన పూర్వులు దాని శక్తిని ఎరుగుదురు గనుకనే శోధన, అనుపానము, పథ్యము అను కట్టుబాట్లు విధించిరి. 1839లో కలకత్తాలోని వైద్యకళాశాలలో నుండిన ఓషానెస్సీ అను వైద్యుడు దీనిని కీళ్లవాతమునకును ధనుర్వాతమునకును వాడి చూచి, పాశ్చాత్యులకు తెలియజేసెను. 2018లో అమెరికా ప్రభుత్వపు ఔషధ సంస్థ, శుద్ధమైన సి.బి.డి.తో చేసిన ఎపిడియోలెక్స్ అను ద్రవమును, శిశువులకు వచ్చు రెండు దారుణమైన మూర్ఛరోగములకు మందుగా అంగీకరించినది. కాని యొక్క సంగతి గమనింపుడు. కొలతలో చుక్క తేడా లేక తయారుచేసిన ఆ మందును ఇచ్చుటకు ముందే వైద్యులు కాలేయ పరీక్ష చేయింతురు. ఒక నెలకు, మూడు నెలలకు, ఆరు నెలలకు మరల చేయింతురు. అంత శుద్ధమైన దానికే యింత జాగ్రత్త కావలసియుండగా, కొలత తెలియని సీసాకు ఎంత కావలెనో మీరే యూహింపుడు.

ఇక విరోధ మెట్లు కలుగునో చెప్పుదును. పాలును చేపలును వేరువేరుగా ఆహారములే యైనను కలిసినపుడు విరుద్ధాహారమని మన వైద్యగ్రంథములు చెప్పుచున్నవి. మందులకును అట్టి విరోధము కలదు. మనము మ్రింగిన మందులలో చాలవాటిని కాలేయము మార్చి దేహమునుండి పంపివేయును. గోదావరి రేవులో పడవవాడు జనులను ఆవలి యొడ్డునకు చేర్చునట్లు, కాలేయమునందలి కొన్ని ద్రవ్యములు మందులను దాటించును. తైలమునందలి సి.బి.డి. వచ్చి ఆ పడవల నాక్రమించుకొన్నచో, తక్కిన మందులు ఈవలి యొడ్డుననే నిలిచిపోవును. ప్రతిదినము క్రొత్తమాత్ర వచ్చి చేరును; పాతది పోదు. మాత్ర ఒకటే మ్రింగుచున్నను నెత్తురులో దాని బలము పెరిగిపోవును. మా యత్తగారి వార్ఫరినునకు జరిగినది ఇదియే యని డాక్టరమ్మగారు చెప్పిరి. అమెరికాలో మూర్ఛకై సి.బి.డి. వాడుచుండిన యొక రోగికి వార్ఫరిన్ మోతాదును నూటికి 30 పాళ్ల వరకు తగ్గింపవలసివచ్చినదని వైద్యపత్రికలో ప్రకటింపబడినదట.

ఇట్లు పేరుకొనిపోవు మందులు మరికొన్ని కలవు. మూర్ఛరోగమునకు వాడు క్లోబజామ్ దేహములో మార్పుచెందగా నేర్పడు పదార్థము, సి.బి.డి. తోడైనపుడు సుమారు మూడురెట్లు పెరుగును. రోగి తూలును, మగతలో పడియుండును. అదే రోగమునకు వాడు వాల్ప్రోయేట్ తో కలిసినపుడు కాలేయమునకు దెబ్బ తగులు భయము హెచ్చును. మూత్రపిండమునో కాలేయమునో మార్పించుకొన్నవారు వాడు టాక్రోలిమస్ పరిమాణము సుమారు మూడురెట్లు పెరిగిన యొక రోగి వృత్తాంతము 2019లో ప్రకటింపబడినది. ఇట్టివారు వైద్యునికి చెప్పక ఒక్క చుక్క కూడ వేసికొనరాదు.

రెండవ విధమైన విరోధము, మందు పనిచేయకుండుట. గుండెలో నాళము తెరపించుకొన్నవారికి ఇచ్చు క్లోపిడోగ్రెల్ కాలేయములో మారినపుడు గాని పనిచేయదు. ఆ మార్పును సి.బి.డి. అడ్డగింపగలదు, అందుచే ఆ మందు బలము తగ్గవచ్చునని వైద్యులు హెచ్చరించుచున్నారు. మరియు క్షయరోగమునకు వాడు రిఫాంపిసిన్ ఈ తైలపు బలమును తగ్గించును. బూజువ్యాధులకు వాడు కెటోకొనజోల్ దానిని పెంచును. అనగా విరోధము ఇరువైపులనుండియు రావచ్చును.

మూడవది మిక్కిలి సామాన్యమైనది. రెండు మందులు ఒకే పనిచేయుట. నిద్రకును ఆందోళనకును ఇచ్చు ఆల్ప్రజోలామ్, క్లోనజెపామ్ వంటి మాత్రలు, తీవ్రమైన నొప్పికి ఇచ్చు ట్రమడాల్, మగతగొలుపు జలుబు మాత్రలు, మద్యము, ఇవన్నియు మెదడును మందగింపజేయునవి. వీనికి తైలము తోడైనచో మగత యినుమడించును. టి.హెచ్.సి. గుండె వేగమును పెంచును. పడుకొన్నవారు లేచి నిలువగానే రక్తపుపోటును దిగజార్చును. రక్తపుపోటు మందు వాడు వృద్ధులు రాత్రివేళ పెరటిలోనికి పోవుటకు లేచి, కండ్లు తిరిగి పడి, తుంటి యెముక విరుగగొట్టుకొనుటకు ఇది చాలును.

కొద్ది చుక్కలకే యిన్ని యనర్థములు కలుగునా యని యడుగుదురేమో. పైన చెప్పిన పరిశోధనలలో చాలవాటియందు సి.బి.డి. పెద్ద మోతాదున వాడబడినది. చిన్న మోతాదున విరోధము తక్కువగానే యుండును. మా యత్తగారి విషయమున కూడ, తైలమే కారణమని ప్రమాణము చేయజాలనని, కాని వేరేదియు మారలేదని, తైలము మానగా అంకె దిగినదని డాక్టరమ్మగారు చెప్పిరి. అయితే ఎవరి దేహమున నెంత విరోధము కలుగునో ముందుగా తెలియు ఉపాయము లేదు. తెలియజేయునది పరీక్ష యొక్కటే.

ఇక మన మింటిలో పాటింపవలసిన జాగ్రత్తలు.

మొదటిది: చెప్పుట. తైలము వ్రాయు వైద్యునికి మాత్రల సంగతియు, మాత్రలు వ్రాయు వైద్యునికి తైలపు సంగతియు తప్పక చెప్పవలెను. ఇద్దరిలో నొక్కరికే చెప్పుట సగము చెప్పుట. మాత్రల పేర్లతోపాటు కషాయములు, లేహ్యములు, చూర్ణములు అన్నియు ఒకే కాగితమున వ్రాసి చూపవలెను. సీసాను కూడ కొనిపోవలెను. మందుల దుకాణమువానికి సయితము చెప్పుట మేలు.

రెండవది: ఒకరికి వ్రాసిన తైలమును మరియొకరు వాడరాదు. ఇచ్చువారి ప్రేమ మంచిదే. వారి దేహము వేరు, మన దేహము వేరు. వారు మ్రింగు మాత్రలు వేరు, మనవి వేరు.

మూడవది: వైద్యుడు అనుమతించినచో అతి స్వల్పముతో మొదలిడి, నెమ్మదిగా పెంచవలెను. నోటిద్వారా పుచ్చుకొన్నదాని ప్రభావము అరగంట మొదలు రెండు గంటలలో గాని తెలియదు. ఆరెనిమిది గంటలును, ఒకప్పుడు అంతకు మించియు నిలుచును. నొప్పి తగ్గలేదని గంట కాకమునుపే మరల వేసికొనుట పెక్కు అనర్థములకు మూలము. క్రొవ్వు హెచ్చుగానున్న భోజనముతో పుచ్చుకొన్నచో, పరగడుపునకంటె సుమారు నాలుగురెట్లు సి.బి.డి. నెత్తురులో కలియును. కావున ఒకనాడు నేతియన్నముతోను, ఒకనాడు ఉపవాసముతోను పుచ్చుకొనక, ప్రతిదినము ఒకే తీరున పుచ్చుకొనవలెను.

నాల్గవది: పరీక్షలు. వార్ఫరిన్ వాడువారికి తైలము మొదలిడునపుడును, మోతాదు మార్చునపుడును, మానునపుడును నెత్తురు పరీక్ష కావలెను. మానునపుడేల యందురేమో. తైలము పోగానే పడవలు మరల ఖాళీయగును. తగ్గించియుంచిన మాత్ర చాలకపోవును. అప్పుడు రక్తము గడ్డకట్టు భయము కలదు. ఈ సూక్ష్మము నాకు ముందు తోచలేదు.

ఐదవది: దేనినైనను మనంతట మనము హఠాత్తుగా మానరాదు. తైలము పనిచేయుచున్నదిగదా యని మూర్ఛ మాత్రలను మానినచో విడువని మూర్ఛలు వచ్చి ప్రాణముమీదికి వచ్చును. మూర్ఛకై వాడు సి.బి.డి.ని సయితము వైద్యుని సలహాతో క్రమముగానే తగ్గింపవలెను.

ఆరవది: గర్భిణులును, చంటిబిడ్డల తల్లులును ఈ తైలమును ముట్టరాదు. టి.హెచ్.సి. చనుబాలలోనికి పోవును; ఆరుదినముల వరకు పాలలో కనబడినట్లు 2018లో ప్రకటించిరి. మతిభ్రమ కలిగినవారును, వంశమున ఆ రోగము గలవారును టి.హెచ్.సి. గల తైలమును దూరముగా నుంచవలెను.

ఏడవది: శస్త్రచికిత్సకు పోవువారు మత్తుమందిచ్చు వైద్యునికి ఈ సంగతి దాచరాదు. మత్తుమందు మోతాదు దానిపై నాధారపడియుండును. తైలము వేసికొన్నవారు ఆ మగత వదలువరకు బండి నడుపరాదు. కత్తిపీట, పొయ్యి దగ్గరకు పోవునప్పుడును జాగ్రత్తపడవలెను.

ఎనిమిదవది: సీసాను తాళములో నుంచవలెను. చీరల మడతలు తాళము కావు. పిల్లలు త్రాగినచో నిద్రమత్తులో పడి, నడవలేక తూలి, ఊపిరి మందగించును. అట్టిచో వాంతి చేయింపబూనక, సీసాతోకూడ తక్షణమే ఆసుపత్రికి కొనిపోవలెను. 108కి ఫోను చేయుటకు సంకోచింపరాదు. ఏమి త్రాగెనో నిజము చెప్పుటకు అసలే సంకోచింపరాదు.

ఈ గుర్తులు కనబడినచో ఆలస్యము చేయరాదు: చిగుళ్లనుండిగాని ముక్కునుండిగాని నెత్తురు కారుట, నల్లని మలము, కారణములేని కమిలిన మచ్చలు, కండ్లు పచ్చబడుట, మూత్రము ముదురురంగున పడుట, లేపినను లేవని నిద్ర, మాట తడబడుట, గుండెదడ.

మా యత్తగారు నాలుగుదినములు ఆసుపత్రిలో నుండిరి. మొదటి రెండుదినములు వార్ఫరినును ఆపి, దినదినము పరీక్షించి, అంకె దిగినతరువాత మరల మొదలిడిరి. ఇంటికి వచ్చిన తరువాత వారమువారము పరీక్ష జరిగినది. మోకాళ్లకు కాపడము, తొడల కండరములు బలపడుటకు కూర్చుండి చేయు వ్యాయామము, డాక్టరమ్మగారు చెప్పిన మితముగా పారాసిటమాల్ సాగుచున్నవి. నొప్పికై అంగడిలో దొరకు ఐబుప్రొఫెన్ వంటి మాత్రలు వార్ఫరిన్ వాడువారికి రక్తస్రావము తెచ్చునని, వానిని ముట్టవలదని గట్టిగా చెప్పిరి. ఒకనాడు మా యత్తగారే ధైర్యముచేసి, “ఆ తైలము మరల వేసికొనవచ్చునా?” అని డాక్టరమ్మగారి నడిగిరి. వేసికొన్నచో వారమునకొక పరీక్ష కావలెనని, లోహపు కవాటముగలవారికి తాను సలహా యీయనని వారు నెమ్మదిగా చెప్పిరి. మా యత్తగారు కొంతసేపాలోచించి మానివేసిరి. ఆ నిర్ణయము వారిదే; నాది కాదు.

నేను మాత్రము ఒక్క పని చేసితిని. వంటింటి గోడకు ఒక చిన్నపుస్తకమును వ్రేలగట్టితిని. అందు ఇంటిలోని ప్రతివారి పేరునను ఒక పుట కలదు. పుట చివర “క్రొత్తగా పుచ్చుకొన్నది” అని యొక వరుస. ఎవరేమి వ్రాసినను ఎందుకని నిలదీయరాదని నాకు నేనే నియమము పెట్టుకొంటిని. మా వారు కూడ ఈ సంవత్సరము బడిలో చేసిన ఉపన్యాసమున ఒక మాట చేర్చిరి: మీ యిండ్లలో ఎవరైన దీనిని మందుగా వాడుచున్నచో ఎగతాళి చేయక, వైద్యునికి తప్పక చెప్పుడని వారికి చెప్పవలెనని.

మొన్న ఆ పుస్తకమును తెరచి చూచితిని. మా యత్తగారి పుటలో, వారి గుండ్రని దస్తూరితో, “దగ్గునకు కరక్కాయ ముక్క, రాత్రి, ఒకటి” అని వ్రాసియున్నది. డాక్టరమ్మగారికి చూపుటకు దానిని నేను కాగితముమీద ఎక్కించుకొంటిని. సోదరీమణులారా! మీ యింటను అట్టి పుస్తక మొకటి నేడే వ్రేలగట్టుడు. ఏమేమి బయటపడునో చూడుడు.